దేవుణ్ణి తలచుకోవడానికి అనుమతి ఎవరివ్వాలి?



"దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడు" అన్న సామెత మనందరికీ తెలిసిందే. నవ్వుతూ అనేస్తాం గాని, అందులో ఎన్ని తరాల కష్టం దాగివుందో చూడండి. ఇచ్చేవాడికి అభ్యంతరం లేదు, పుచ్చుకునేవాళ్లకి ఆశ ఉంది. మధ్యలో ఒకరు చెయ్యి అడ్డం పెట్టారు. ఆ అడ్డం పెట్టే హక్కు వారికి ఎవరిచ్చారు? ఈరోజు మీతో మాట్లాడదలచుకున్నది ఆ సంగతే.

నలుగురు ఆడవాళ్లం ఒకచోట చేరితే మాటలు పిల్లల చదువుల మీదినుంచీ, సరుకుల ధరల మీదినుంచీ కాసేపటికి గురువుల మీదికి మళ్లుతాయి. "మీరు ఏ సమాజంలో ఉన్నారండీ? మీ గురువుగారెవరు? ఉపదేశం అయిందా?" అని అడుగుతారు. "లేదండీ, ఇంట్లోనే దీపం పెట్టుకుని నాకు తోచిన నాలుగు మాటలు చదువుకుంటాను" అన్నామా, పాపం అన్నట్లు చూస్తారు. ఆ చూపుతో మనకీ అనుమానం మొదలవుతుంది. ఏదో ఒక మఠంలోనో, సంఘంలోనో పేరు రాయించుకోకపోతే మన పూజ పైకి చేరదా? ఒక పెద్దాయన ఔననకపోతే మన ఆలోచనకు విలువ లేదా?

దీనికి శాస్త్రచర్చ కంటే చరిత్ర మంచి జవాబు చెబుతుంది. ఆ చరిత్ర కోసం దూరదేశాలు వెతకనక్కర్లేదు. పాత చిత్తూరు జిల్లాలో, ఒకదానికొకటి పెద్ద దూరంలేని రెండు ఊళ్లలో ఇద్దరు పుట్టారు. ఒకరు తరిగొండ వెంగమాంబ, రెండోవారు మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి. ఇద్దరికీ మధ్య నూట అరవై అయిదేళ్ల తేడా. ఆమె బడి మొహం చూడని బాలవితంతువు. ఆయన్ని ఒక పెద్ద సంస్థ సింహాసనం మీద కూర్చోబెట్టింది. అయినా ఇద్దరికీ ఎదురైన ప్రశ్న ఒకటే.

వెంగమాంబ 1730 ప్రాంతంలో పుట్టింది. తండ్రి కృష్ణయ్య, తల్లి మంగమాంబ. చిన్నతనంలోనే పెళ్లి చేశారు. కాపురానికి వెళ్లే వయసైనా రాకముందే భర్త పోయాడు. ఆ రోజుల్లో వితంతువు బతుకెలా ఉండేదో మన అమ్మమ్మల నోట వినే ఉంటారు. తల తీయించుకోవాలి, బొట్టు చెరుపుకోవాలి, గాజులు తీసెయ్యాలి, ముతక చీర కట్టుకుని ఒక మూల పడివుండాలి. వెంగమాంబ ఇవేవీ ఒప్పుకోలేదు. "నా భర్త ఆ వేంకటేశ్వరుడే, ఆయన ఉండగా నేను వితంతువునెలా అవుతాను?" అన్నది ఆమె వాదం. బొట్టు తుడుచుకోలేదు, జుట్టు తీయించుకోలేదు.

ఇది ఒక పిల్ల మొండితనంగా మిగిలిపోతే పేచీ లేదు. కాని అప్పటి మఠాల చేతిలో ఉన్న బలం ఎటువంటిదో తెలిస్తే ఆమె ఎంత సాహసం చేసిందో అర్థమవుతుంది. ఆచారం తప్పారని పీఠం నుంచి శ్రీముఖం వచ్చిందంటే ఆ కుటుంబం వెలి అయినట్లే. ఇంటికి పురోహితుడు రాడు. శుభానికీ అశుభానికీ మనిషి గడప తొక్కడు. ఇంట్లో పెళ్లికెదిగిన పిల్లలుంటే సంబంధాలు రావు. ఆ తర్వాత వంద సంవత్సరాలకు పైగా గడిచాక, 1881లో రాజమహేంద్రవరంలో వీరేశలింగం పంతులుగారు తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు కూడా ఆయన్నీ, ఆ పెళ్లికి వెళ్లినవాళ్లనీ వెలి పెట్టారు. అంటే శిక్ష తప్పు చేసినవాళ్ల ఒక్కరికే కాదన్నమాట. చుట్టూ ఉన్నవాళ్లందరికీ పడుతుంది. అందుకే ఇంట్లోవాళ్లే ముందు భయపడి మనల్ని అణుస్తారు. అధికారం సాగే పద్ధతే అది.

వెంగమాంబ విషయంలో పుష్పగిరి పీఠాధిపతి స్వయంగా వచ్చి, తల తీయించుకొమ్మని శాసించారని ఆ ప్రాంతంలో కథగా చెప్పుకుంటారు. ఆమె ఆయనకు నమస్కరించలేదట. "మీరు ఒక్కసారి ఆ పీఠం మీదినుంచి లేవండి, నమస్కరిస్తాను" అన్నదట. ఆయన లేచాక ఆమె ఖాళీ పీఠానికి నమస్కరించేసరికి అది భగ్గున మండిందని కథ. బలవంతంగా తల గొరిగిస్తే నీళ్లలో మునిగి లేచేసరికి మళ్లీ జుట్టు వచ్చిందని ఇంకో కథ. ఇవి అక్షరాలా జరిగాయా అని మనం కొట్లాడుకోనక్కర్లేదు. ఇలాంటి కథ ఎవరు చెప్పుకుంటారో చూడండి. పీఠానికి ఎదురు చెప్పలేని మామూలు జనం, ముఖ్యంగా ఆడవాళ్లు, ఎదురు చెప్పిన ఒక ఆడపిల్లను తరతరాలుగా గుండెల్లో పెట్టుకున్నారు. మండింది పీఠమని చెప్పుకోవడంలో ఎంత తృప్తి పడ్డారో పాపం!

ఇక్కడ ఒక సంగతి మరిచిపోకూడదు. వెంగమాంబ గురువే వద్దనలేదు. మదనపల్లెలో సుబ్రహ్మణ్యుడనే గురువు దగ్గర యోగం నేర్చుకుంది. ఆయన్ని తన కావ్యాల్లో భక్తితో తలచుకుంది. అంటే నేర్పేవారి దగ్గర తల వంచింది, శాసించేవారి దగ్గర వంచలేదు. ఈ రెండూ ఒకటి కాదని ఆ పల్లెటూరి పిల్ల గ్రహించింది. మనం మాత్రం తరచు ఈ రెంటినీ కలగాపులగం చేసుకుంటాం.

ఊళ్లో ఉండనివ్వలేదు. ఆమె తిరుమల కొండకు చేరింది. అక్కడ మాత్రం పూలబాట పరిచారా? పొరుగువారు పెట్టిన బాధలు పడలేక కొంతకాలం తుంబురు కోనకు వెళ్లి తపస్సు చేసుకుందని చెబుతారు. అయినా కలం ఆగలేదు. వేంకటాచల మాహాత్మ్యం, ద్విపద భాగవతం, వాసిష్ఠ రామాయణం, రాజయోగసారం, శివనాటకం, చెంచు నాటకం వంటి యక్షగానాలు రాసింది. తనకు చిన్నప్పుడు ఓనమాలు కూడా ఎవరూ నేర్పలేదని, తరిగొండ నరసింహుడే తనచేత పలికిస్తున్నాడని ఆమె చెప్పుకుంది. అందులో వినయం ఉంది, కాస్త చమత్కారమూ ఉంది. "నువ్వు రాయడానికి నీకెవరు అధికారమిచ్చారు?" అని అడిగే పండితుడికి ఇంతకంటే గట్టి జవాబు ఏముంటుంది?

యోగశాస్త్రమూ వేదాంతమూ అప్పట్లో సంస్కృతంలో, మగవారి చేతుల్లో ఉండేవి. ఆమె వాటిని తెలుగు ద్విపదలో పెట్టింది. ద్విపద అంటే పాడుకోవడానికి తేలిక, నోటికి రావడానికి తేలిక. అక్షరం రాని ఆడది కూడా ఒకరు చదువుతుంటే విని పట్టేసుకోగలదు. యక్షగానమైతే వీధిలో ఆడతారు, టిక్కెట్టూ లేదు, దీక్షా లేదు. తాళం వేసిన గది తలుపు తీసిపెట్టినట్లయింది.

1817లో ఆమె కొండమీదే దేహం చాలించింది. ఆమె బృందావనం తిరుమలలోనే ఉంది. రాత్రి ఏకాంతసేవలో ఈనాటికీ ఇచ్చే ముత్యాలహారతి ఆమె పేరుమీద సాగుతున్నదే. ఆమె రచనలను దేవస్థానమే అచ్చువేయించింది. 2011లో తిరుమలలో కొత్త నిత్యాన్నదాన భవనం కడితే దానికి మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ పేరు పెట్టారు. కొండకు వెళ్లిన మనవాళ్లు అక్కడ పంక్తిలో కూర్చుని అన్నం తిని వచ్చే ఉంటారు. మతం పేరు చెప్పి ఊళ్లో నిలవనివ్వని మనిషి పేరు మీద, అదే మతం నీడన ఈరోజు వేలమంది కడుపు నింపుకుంటున్నారు. బతికుండగా వెలి, పోయాక హారతి. మన సంస్థలు చాలామంది విషయంలో చేసిన పనే ఇది.

ఇక రెండో కథకు వద్దాం. 1895 మే నెలలో మదనపల్లెలో నారాయణయ్య, సంజీవమ్మ దంపతులకు ఎనిమిదో సంతానంగా ఒక మగపిల్లవాడు పుట్టాడు. అష్టమ సంతానం కనుక కృష్ణమూర్తి అని పేరు పెట్టారు. పదేళ్ల వయసులో తల్లి పోయింది. తండ్రి చిన్న సర్కారు ఉద్యోగి, దివ్యజ్ఞాన సమాజంలో సభ్యుడు. ఉద్యోగవిరమణ అయ్యాక, 1909లో పిల్లల్ని తీసుకుని మద్రాసులో సమాజం కేంద్రమైన అడయారుకు చేరాడు.

ఆ సమాజం చిన్నదేమీ కాదు. 1875లో న్యూయార్కులో పుట్టి, తర్వాత అడయారులో వేరూనింది. అప్పటి అధ్యక్షురాలు అనిబిసెంటమ్మ. ఆవిడ మన దేశానికి చేసిన మేలు కాదనలేం. 1915లో మదనపల్లెలో కాలేజీ పెట్టించింది. 1919లో రవీంద్రుడు జనగణమనను ఇంగ్లీషులోకి మార్చుకున్నది ఆ కాలేజీలోనే. 1917లో అడయారులో ఆడవాళ్ల కోసం మహిళా సంఘం ఒకటి పుట్టింది. ఆ ఏడాదే సరోజినీదేవి నాయకత్వాన ఒక బృందం వెళ్లి మనకు ఓటు హక్కు కావాలని మాంటేగు దొరగారిని అడిగింది. దాని వెనుక ఉన్నది ఈ సంఘం స్త్రీలే. కాబట్టి సంస్థలన్నీ చెడ్డవని ఒక్కమాటలో కొట్టిపారేస్తే మనకు మనమే అన్యాయం చేసుకున్నవాళ్లమవుతాం.

కాని అదే సమాజం ఇంకో పని చేసింది. అడయారు సముద్రపుటొడ్డున ఆడుకుంటున్న కృష్ణమూర్తిని చూసి, లెడ్‌బీటర్ అనే పెద్ద, "ఈ పిల్లవాడిలో రాబోయే జగద్గురువు దిగుతాడు" అని నిర్ణయించాడు. పిల్లవాడు అప్పటికి బక్కచిక్కి, చదువులో మందకొడి అనిపించుకుంటున్నవాడు. 1910లో తండ్రి సంతకం చేసి, కృష్ణమూర్తినీ తమ్ముడు నిత్యానందాన్నీ బిసెంటమ్మ సంరక్షణలో ఉంచాడు. 1911లో ఈ కుర్రవాడు అధిపతిగా నక్షత్ర సంఘం ఏర్పడింది. దేశదేశాల్లో వేలమంది సభ్యులు చేరారు. అంతలో తండ్రి మనసు మారింది. పిల్లల్ని నాకివ్వండని 1912లో కోర్టుకెక్కాడు. మద్రాసు హైకోర్టులో ఆయన గెలిచాడు. 1914లో లండన్ ప్రీవీ కౌన్సిల్‌లో బిసెంటమ్మ గెలిచింది. ప్రీవీ కౌన్సిల్ ఎత్తిచూపిన లోపాల్లో ఒకటేమిటో తెలుసా? ఇంత వ్యాజ్యం నడిచినా ఆ పిల్లల ఇష్టమేమిటో ఎవరూ అడగలేదట!

తల్లిలేని ఆ అన్నదమ్ములు ఒకరికొకరు ప్రాణం. తమ్ముడికి క్షయ వచ్చింది. జగద్గురువు కార్యానికి అతను అవసరం గనుక అతనికేమీ కాదని సమాజంవారు నమ్మారు, అన్ననూ నమ్మించారు. 1925 నవంబరులో, అన్న ఓడలో ఇండియాకు వస్తూండగా, అమెరికాలో తమ్ముడు పోయాడని తంతి వచ్చింది. నిత్యానందానికి అప్పటికి ఇరవై ఏడేళ్లు. ఆప్తులను పోగొట్టుకున్నవాళ్లకు ఆ దుఃఖం చెప్పనక్కర్లేదు. పెద్దలు ఇచ్చిన హామీ వట్టిదైపోయింది. అంతవరకు వాళ్లు చెప్పింది విన్నవాడు అప్పటినుంచి తన కళ్లతో చూడడం మొదలుపెట్టాడు.

1929 ఆగస్టు 3వ తేదీ. హాలెండు దేశంలో ఓమెన్ అనే చోట మూడువేల మందికి పైగా సభ్యులు పోగయ్యారు. ముందు వరసలో ఎనభై ఒక్క ఏళ్ల బిసెంటమ్మ, తల్లి తర్వాత తల్లిలా చూసుకున్న మనిషి, కూర్చుని ఉంది. ఆ సభలో కృష్ణమూర్తి నక్షత్ర సంఘాన్ని రద్దు చేస్తున్నానని ప్రకటించాడు. సత్యానికి సంఘం కట్టి రహదారి వెయ్యలేమనీ, తనకు శిష్యులు అక్కర్లేదనీ, మనుషులు భయాలనుంచి విడుదల కావడమే తనకు కావలసిందనీ ఆయన చెప్పిన మాటల సారం. కానుకగా వచ్చిన కోటనూ, వేల ఎకరాల భూమినీ దాతకు తిరిగి ఇచ్చేశాడు. మర్నాటినుంచి సమాజం నుంచీ దూరమవుతూ వచ్చి బయటపడ్డాడు.

ముందు వరసలోని ఆ ముసలమ్మ మనసు ఎలా ఉండి ఉంటుందో తల్చుకుంటే గుండె తరుక్కుపోతుంది. పద్దెనిమిదేళ్లు ఎవరికోసం సంఘం నడిపిందో అతనే దాన్ని మూసేశాడు. అయినా ఆవిడ అతన్ని తిట్టలేదు, వెలివేయలేదు. 1933లో కన్నుమూసేవరకు అతనిమీద ప్రేమ వదులుకోలేదు. మన పీఠాలు అప్పుడప్పుడైనా ఆవిడను చూసి నేర్చుకోవలసిన గుణమిది.

ఇక్కడితో కథ ఆపితే, సంస్థలన్నీ మూసెయ్యడమే మార్గమని మీరనుకోవచ్చు. కాని ఆ తర్వాత ఏం జరిగిందో కూడా చూడాలి. మదనపల్లెకు దగ్గర్లో రిషివ్యాలీ పాఠశాల వెలిసింది. బడి నడపాలంటే భూమి కావాలి, పంతుళ్లకు జీతాలివ్వాలి, పద్దులు రాయాలి. ఆయన ఉపన్యాసాలు అచ్చువెయ్యడానికి ఒక సంస్థ ఉండేది. తర్వాత దాని పెత్తనం విషయంలో తేడాలొచ్చి అమెరికాలో కోర్టుదాకా వెళ్లవలసి వచ్చింది. సంఘం వద్దన్న మనిషికే సంఘం చిక్కులు తప్పలేదు! 1968లో ఇంగ్లండులో, 1969లో అమెరికాలో, 1970లో మన దేశంలో ఆయన పేరు మీద ఫౌండేషన్లు ఏర్పడ్డాయి. అయితే వాటికి ఒక హద్దు గీశాడు. పుస్తకాలు వెయ్యండి, బళ్లు నడపండి, నా మాటకు అర్థం చెప్పే అధికారం మాత్రం ఎవరికీ లేదు, నా చుట్టూ గుడి కట్టొద్దు అన్నది ఆ హద్దు. 1986 ఫిబ్రవరి 17న పోయేటప్పటికి కూడా వారసుణ్ణి నియమించలేదు.

ఇప్పుడు ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఆయన సంఘాన్ని రద్దు చేశాడు, కాని బడిని నిలిపాడు. ఆమె పీఠాన్ని ధిక్కరించింది, కాని గుడిని విడిచిపెట్టలేదు. ఆమె పద్యాలు మనదాకా వచ్చాయంటే, ఎవరో తాటాకులు దాచి, ఎవరో ప్రతులు రాసి, ఒక దేవస్థానం అచ్చువేయించబట్టే కదా? ఒంటరి సాధకుడు ఎంత గొప్పవాడైనా రెండో తరానికి అందాలంటే పదిమంది చేతులు కావాలి. అన్నం వండే చేతులు, పుస్తకం భద్రపరిచే చేతులు, ఓనమాలు దిద్దించే చేతులు అవి. సంస్థకు ఉన్న అసలు పని అదేనని నాకు తోస్తుంది. ఆ చేతులు మన నెత్తిమీదికి వచ్చి మన జుట్టు పట్టుకున్నప్పుడే తగాదా. సంస్థ చాకిరీ చెయ్యాలి, పెత్తనం చెయ్యకూడదు.

మన ఇంటి ఉదాహరణే చూద్దాం. అత్తగారు ఆవకాయ పెట్టడం నేర్పుతుంది. కారం పాళ్లు, ఉప్పు పాళ్లు, నూనె ఎంత అనేది చెబుతుంది. నాలుగేళ్లు చూస్తే మన చేతికి కొలత వస్తుంది. ఆ తర్వాత కూడా "నేను వచ్చి చూసేదాకా జాడీ మూత తియ్యకు" అంటే అది నేర్పడం కాదు కదా? నిజమైన గురువు మన చేతికి కొలత వచ్చేదాకా పక్కన ఉండి, తర్వాత తప్పుకుంటాడు. ఎన్నాళ్లకూ తప్పుకోనివాడికి మనతో వేరే పని ఉందన్నమాట.

కాబట్టి ఏదైనా సంఘంలోకో, సత్సంగానికో వెళ్లేముందు మనసులో కొన్ని ప్రశ్నలు వేసుకోండి. అక్కడ ప్రశ్న అడిగితే సంతోషిస్తున్నారా, మొహం ముడుచుకుంటున్నారా? మానేస్తానంటే వెళ్లిరమ్మంటున్నారా, కీడు జరుగుతుందని భయపెడుతున్నారా? డబ్బు లెక్క అడిగితే చూపిస్తున్నారా? ఇంట్లో మనుషులకు మనల్ని దగ్గర చేస్తున్నారా, దూరం చేస్తున్నారా? ముఖ్యంగా, భర్త పోయిన ఆడమనిషిని అక్కడ ఎక్కడ కూర్చోబెడుతున్నారు? పేరంటానికి పనికిరావని పక్కన పెట్టే చోట ఎంత వేదాంతం చెప్పినా, రెండువందల ఏళ్ల కిందటే తరిగొండ పిల్ల దానికి సమాధానం చెప్పేసింది.

ఈ ప్రశ్నలకు మంచి జవాబులు వస్తే నిశ్చింతగా వెళ్లండి. పదిమందితో కలిసి పాడుకోవడంలో ఉన్న సుఖం ఇంట్లో ఒక్కరమే పాడుకుంటే రాదు, నేనూ కాదనను. కష్టమొచ్చిన రోజు ఆ పదిమందే ఇంటికి వచ్చి అన్నం వండిపెడతారు. మంచి జవాబులు రాకపోతే మాత్రం మొహమాటపడకండి. "మీ గురువెవరు?" అని ఎవరైనా పాపం అన్నట్లు చూస్తే చిన్నబుచ్చుకోకండి. ఓనమాలు నేర్పేవారు లేకపోయినా ఒక ఆడది భాగవతం రాసిన నేల మనది. వంటింట్లో నిలబడి, చెయ్యి తుడుచుకుని, ఒక్క నిమిషం కళ్లు మూసుకుని తలచుకోవడానికి మనకు ఎవరి శ్రీముఖమూ అక్కర్లేదు.

ఏమంటారు? మీలో మీరు ఆలోచించి చూడండి.